ఇసబ్‌గోల్ తాగితే షుగర్ మాత్ర మానేయొచ్చా?

రాయగడ కోడలు:
నమస్తే అండి. మా అత్తయ్యకి 61, షుగర్ వచ్చి తొమ్మిదేళ్లయింది, మెట్‌ఫార్మిన్ పొద్దున, రాత్రి వేసుకుంటారు. మొన్న మూడు నెలల సగటు షుగర్ చూసే టెస్టులో (HbA1c) 8.4 వచ్చింది. పక్కింటావిడ ఇసబ్‌గోల్ (పీచు ఎక్కువుండే గింజల పొట్టు) తాగితే అన్నంలో షుగరంతా అదే పీల్చేస్తుంది ఇంక మాత్రలెందుకు అన్నారంట, అప్పట్నుంచి ఈవిడ పొద్దున్నే చోడంబలిలో (రాగి జావలో) రెండు చెంచాల పొట్టు కలిపేసి దాంతోనే మాత్ర మింగేస్తున్నారు. నిన్న గ్లాసు పక్కనపెట్టి ఫోన్ మాట్లాడి వచ్చేసరికి అంబలి గడ్డకట్టి చెంచా నిలబడిపోయింది, గొంతులో ఇలాగే అయితే ఏంటి గతి అని భయమేసింది. వచ్చే వారం నుంచి మాత్ర మానేస్తానంటున్నారు, ఎలా చెప్పాలో తెలీట్లేదు.

బరంపురం మాస్టారు:
అమ్మా, ముందు ఆ మాత్ర మాననివ్వకండి. పొట్టు పనిచేస్తుంది గానీ షుగర్‌ని పీల్చేయదు. గ్లాసులో జిగురైంది చూశారుగా, కడుపులోనూ అంతే, తిన్న అన్నం మెల్లగా కిందకి జారుతుంది, గ్లూకోజ్ ఒక్కసారి ఎగబాకకుండా నిదానంగా రక్తంలోకి ఎక్కుతుంది. నేను ఇంట్లో మిషన్‌తో చూసుకున్నాను, అదే గిన్నెడన్నం అదే పప్పు, ఉత్తినే తిన్నరోజు రెండు గంటలకి 231, ముందు పొట్టు తాగినరోజు 204. కొన్ని రోజులు ఏ తేడా లేదు కూడా. 27 తగ్గితే నాకు సంతోషమే, మాత్ర చేసే పని మాత్రం అది చెయ్యలేదు.

పర్లాకిమిడి మందుల షాపు:
మాస్టారు చెప్పింది కరెక్ట్. మాత్రని పొట్టుతో కలిపి మింగితే మందు ఆ జిగురులో చిక్కుకుని ఒంటికి సరిగ్గా పట్టకపోవచ్చండి, రెండు గంటలైనా ఎడం ఉండాలి, థైరాయిడ్ మాత్రకైతే నాలుగు. ఆవిడ మాత్రలు పొద్దున, రాత్రి కదా, డాక్టరుగారికి ఓ మాట చెప్పి పొట్టుని మధ్యాహ్నం అన్నానికి ముందు ఇవ్వండి. ఒక్క చిన్న చెంచాతో మొదలెట్టండి, ఒకేసారి ఎక్కువేస్తే కడుపు ఉబ్బరం. పెద్ద గ్లాసు నీళ్లలో కలిపిన వెంటనే తాగేసి మీద ఇంకో గ్లాసు నీళ్లు తాగాలి. మీ భయం నిజమే, నీళ్లు తక్కువైతే గొంతుకి అడ్డం పడుతుంది, మింగడం కష్టమైనవాళ్లకి అసలొద్దు. ఆరెంజ్ రుచి పాకెట్లలో చాలావాటికి పంచదార కలుపుతారు, ఉత్త తెల్ల పొట్టే అడగండి.

గుణుపురం అక్క:
ఆ చోడంబలి కూడా చూసుకోండమ్మా, మెత్తటి పిండితో పలచగా కాస్తే షుగర్ తొందరగానే ఎక్కుతుంది. మా అమ్మకి అంబలి తగ్గించి ఉడికించిన ఉలవలు, చిక్కుళ్లు, తోటకూర పెంచాం. 2000లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక పరిశోధన వచ్చింది, 13 మంది షుగర్ పేషెంట్లకి ఆరు వారాలు ఏ పొడీ లేకుండా మామూలు తిండిలోనే రోజుకి 50 గ్రాముల పీచు పెట్టారు, 24 గ్రాములు తిన్నప్పటికంటే రోజు మొత్తమ్మీద షుగర్ పది శాతం తగ్గింది. డబ్బా కొనేముందు కంచం చూడాలని నేననేది అందుకే.

రాయగడ కోడలు:
ఇవన్నీ అత్తయ్యకి చదివి వినిపించాను, మాత్ర మాననన్నారు, అంబలి మాటెత్తితే మాత్రం మొహం ముడుచుకున్నారు. రేపు డాక్టర్ని కలుస్తాం, ఆయన సరేనంటే మధ్యాహ్నం పూట మొదలెట్టి రెండు గంటలకి ఎంతొచ్చిందో ఇక్కడే రాస్తాను.