లేడీ మాక్‌బెత్‌ది అపరాధ భావమా, పట్టుబడతామన్న భయమా?

పాతపుస్తకం:
డిగ్రీలో షేక్‌స్పియర్ 'మాక్‌బెత్' మాకు పాఠం. "అపరాధ భావం లేడీ మాక్‌బెత్‌ను ఎలా దహించింది?" అని అడిగితే బట్టీ పట్టింది నాలుగు పేజీలు దింపేసేవాళ్లం. ఇన్నేళ్లకు మొన్న నాటకం మొత్తం మళ్లీ చదివాను. ఆ ప్రశ్నే తప్పనిపించింది.

తెలియనివాళ్లకు కథ రెండు ముక్కల్లో. స్కాట్లండ్ సేనాని మాక్‌బెత్ రాజవుతాడని మంత్రగత్తెలు చెబుతారు. ఇంటికి అతిథిగా వచ్చిన రాజు డంకన్‌ను చంపెయ్యమని భార్య ఎగదోస్తుంది. చంపుతాడు, రాజవుతాడు, ఇక చంపుతూనే ఉంటాడు. ఐదో అంకంలో ఆమె నిద్రలో నడుస్తూ, చేతికి లేని నెత్తుటి మరకను రుద్ది రుద్ది కడుగుతూ కనిపిస్తుంది. ఆ తర్వాత చనిపోతుంది.

ఆ నిద్రలో మాటలు ఒకసారి చూడండి. ఎక్కడైనా "తప్పు చేశాను" అందా? "ఆ ముసలాయనలో అంత రక్తం ఉందని ఎవరనుకున్నారు" అంటుంది. చెయ్యి ఇంకా నెత్తురు వాసనే కొడుతోందంటుంది. "మనల్ని అడిగేవాడే లేనప్పుడు ఎవరికి తెలిస్తే ఏం భయం" అంటుంది. నాకైతే ఇది దొరికిపోతామన్న టెన్షన్. కరుడుగట్టిన ఆడది చివరికి ఏడిస్తే తప్ప మనకు తృప్తి ఉండదు కాబట్టి దానికి పశ్చాత్తాపం అని పేరు పెట్టుకున్నామేమో.

గోదారిగట్టు:
మన కైక లాంటి మనిషే కదండీ. మొగుణ్ని మాటల్తో కట్టేసి పని సాధించుకుంది, ఆ తర్వాత అనుభవించింది. ఇందులో ఇంత చర్చ ఏముంది?

మూడోగంట:
కైక చెవిలో ఊదడానికి మంథర ఉంది బాబూ. ఈవిడకు ఎవరూ లేరు. మొగుడి ఉత్తరం చదివిన నిమిషాల్లోనే నిర్ణయం అయిపోయింది. కైకా తనే, మంథరా తనే.

తెల్లచాక్‌పీస్:
పాతపుస్తకం గారూ, ఇరవై ఏళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను. అలాంటి ప్రశ్న నేనూ చాలాసార్లు ఇచ్చాను, కాబట్టి మీ దెబ్బ నాకే తగిలింది.

సగం ఒప్పుకుంటాను. ఆమెలో పశ్చాత్తాపం లేదు. అంటే చేసింది దిద్దుకోవాలని గానీ, ఎవరి ముందైనా తల వంచాలని గానీ లేదు. కానీ అపరాధ భావం వేరండీ. అది మనం ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా లోపల కూర్చునే బరువు.

మీరు వదిలేసిన ఒక్క మాట చెబుతాను. "ఫైఫ్ ప్రభువుకు ఒక భార్య ఉండేది, ఇప్పుడామె ఎక్కడ?" అంటుంది నిద్రలో. ఫైఫ్ ప్రభువంటే మక్‌డఫ్. అతను ఇంగ్లండ్ వెళ్లిపోయాడని తెలిసి మాక్‌బెత్ అతని భార్యనూ పిల్లల్నీ చంపించాడు. ఆ హత్యలో ఈమె చెయ్యి లేదు, సలహా లేదు. ముందుగా తెలిసినట్టు కూడా నాటకంలో లేదు. దొరికిపోతామన్న భయమే అయితే తను చెయ్యని హత్య కలలోకి ఎందుకొస్తుంది? మొదటి తలుపు తీసింది తనే కాబట్టి, ఆ తలుపులోంచి వచ్చినవన్నీ తన ఖాతాలోనే పడుతున్నాయి. దీనికి భయం అనే మాట సరిపోదు.

మొదట్లోనే ఇంకొకటి ఉంది. నిద్రపోతున్న డంకన్ మా నాన్నలా కనిపించకపోతే నేనే పొడిచేదాన్ని అంటుంది. పాలు తాగే బిడ్డ తల పగలగొట్టగలనని అప్పటికి కాసేపటి క్రితమే అన్న మనిషి! పైగా ధైర్యం కోసం మందు తాగానని తనే చెబుతుంది. దుష్టశక్తుల్ని పిలిచి నాలోంచి ఆడతనం తీసెయ్యండి, జాలి దారులన్నీ మూసెయ్యండి అని వేడుకున్నదీ తనే. లేని జాలిని మూసెయ్యమని ఎవరైనా అడుగుతారా?

పాతపుస్తకం:
ఫైఫ్ మాట గట్టిదే, ఆలోచించాలి. కానీ నాకు ఇంకో కారణం కనిపిస్తోంది, ఒంటరితనం. రెండో అంకం దాకా ఇద్దరూ ఒక్క మాట మీద ఉన్నారు. మూడో అంకంలో తోటి సేనాని బాంకోను చంపించే పథకం ఆమెకు చెప్పడు. "నీకు తెలియకపోవడమే మంచిది, అయ్యాక మెచ్చుకుందువుగానీ" అంటాడు. విందులో అతను బాంకో దయ్యాన్ని చూసి అరుస్తుంటే అతిథుల ముందు పరువు కాచేది ఆమే. అందరూ వెళ్లాక "నీకు నిద్ర కరువైంది" అంటుంది, అంతే. ఇక నాలుగో అంకం మొత్తంలో ఆమె లేదు. ఐదులో వచ్చేసరికి మనిషి అయిపోయింది. రాజ్యం చేతికొచ్చింది, మొగుడు చేజారాడు.

తెల్లచాక్‌పీస్:
ఆ మూడో అంకంలోనే, అతను రాకముందు ఒక్కతే ఉన్నప్పుడు ఏమంటుంది? "దక్కిందేమీ లేదు, అంతా పోయింది. ఇలా గుబులుతో బతకడం కంటే మనం చంపినవాళ్లలా ఉండటమే నయం." అప్పటికి మొగుడింకా చేజారలేదు. అతను గదిలోకి రాగానే స్వరం మార్చేసి "జరిగిందేదో జరిగిపోయింది" అని అతనికే ధైర్యం చెబుతుంది. దాచుకోవడం అక్కడ మొదలైంది. నిద్రలో అదే మాట తిరగబడి "జరిగింది జరగలేదనిపించలేం" అని బయటికొస్తుంది.

గోదారిగట్టు:
మరి హత్య బయటపడ్డాక మూర్ఛపోతుంది చూడండి, అది నాటకమా నిజమా?

మూడోగంట:
ఆ ఒక్క ప్రశ్న మీద మా కాలేజీ రిహార్సల్స్‌లో వారం గొడవ పడ్డాం. డంకన్ కాపలావాళ్లనూ చంపేశానని మాక్‌బెత్ అప్పుడే చెబుతాడు, అది వాళ్ల ప్లాన్‌లో లేదు. "నన్ను తీసుకెళ్లండి" అని ఆమె పడిపోయేది ఆ మాటల వెంటే. అందరి చూపూ మొగుడి మీద నుంచి తప్పించడానికి పడిందని నేనన్నాను. ఆ వేషం వేసిన అమ్మాయి మాత్రం వినలేదు, నిజంగానే పడిపోయింది. అంటే అలా నటించింది. మీకు అర్థమైందిగా.

పద్యనాటకాలు చూసి పెరిగినవాళ్లకు ఇంకో సంగతి పట్టుబడుతుంది. ఈవిడ సొంత మాటలు అంతవరకూ ఛందస్సులోనే నడుస్తాయి. నిద్రలో నడిచే రంగం మాత్రం వచనం. ముక్కలు ముక్కలుగా, ఒక రాత్రి మాట ఇంకో రాత్రిలో కలిసిపోయి ఉంటుంది. రాగం తీసే గొంతు ఒక్కసారిగా పొడి మాటల్లోకి పడిపోతే ఎలా ఉంటుందో ఊహించండి.

1785లో లండన్ డ్రూరీ లేన్‌లో సారా సిడన్స్ ఈ వేషం కట్టినప్పుడు చేతిలో కొవ్వొత్తి కింద పెట్టి మరీ రెండు చేతులూ కడిగింది. అంతకుముందు వాళ్లు కొవ్వొత్తి వదిలేవాళ్లు కాదట. థియేటర్ నడిపే షెరిడన్ వద్దని గొడవ కూడా చేశాడు. ఆవిడ వినలేదు. 1812లో ఆమె వీడ్కోలు ప్రదర్శనలో ఈ రంగం అయ్యాక జనం నాటకాన్ని ముందుకు సాగనివ్వలేదు.

నైట్‌డ్యూటీ:
నేను నర్సును. సాహిత్యం పెద్దగా తెలియదు గానీ ఈ రంగం మాత్రం చాలాసార్లు చదివాను. నాకు నచ్చింది రాణి కాదు, ఆవిడ పరిచారిక. రాత్రిపూట చూసింది, డాక్టర్‌ను పిలిచింది, ఆయన రెండు రాత్రులు కాపలా కాసినా ఏమీ కనపడలేదు. అయినా పట్టు విడవలేదు. "ఆమె ఏమంది?" అని అడిగితే "నా దగ్గర సాక్షి లేరు, చెప్పను" అంటుంది. ఆ ఇంట్లో బుర్ర ఉన్న మనిషి ఆవిడొక్కతే.

ఒక్కోసారి పావుగంట సేపు చేతులు కడుగుతుందని చెప్పేదీ ఆవిడే. ఇది ఓసీడీ, అంటే చేసిందే మళ్లీ మళ్లీ చేయించే మానసిక సమస్య, అని ఎవరో అంటారు, ముందే చెబుతున్నా, నిద్రలో ఉన్న మనిషికి అంత తేలిగ్గా పేరు పెట్టకండి. ఆ డాక్టర్ కూడా పెట్టలేదు. ఈమెకు వైద్యుడి కంటే పూజారి అవసరం అని, హాని చేసుకునే వస్తువులు దగ్గర ఉంచవద్దని చెప్పి వెళ్లాడు. రెండోది ఇప్పుడు మేమూ రాసుకునే జాగ్రత్తే.

ఇంకొకటి. పక్కన ఎప్పుడూ దీపం వెలుగుతూ ఉండాలని రాణి ఆజ్ఞ అట. మొదట్లో "చిక్కటి చీకటీ రా, నా కత్తి చేసే గాయం దానికే కనపడకూడదు" అని పిలిచింది ఈమే కదా?

పాతపుస్తకం:
ఆ దీపం నేను గమనించలేదండీ. కానీ ఒకటి అడుగుతాను. ఆమె చావు మనకు కనపడదు. లోపల ఆడవాళ్ల ఏడుపు వినిపిస్తుంది, రాణి చనిపోయిందని మాక్‌బెత్‌కు చెబుతారు. ఎలా పోయిందని కూడా అడగడు. రేపు, ఎల్లుండి, ఆ తర్వాతి రోజు అంటూ బతుకు మీద మాట్లాడుకుంటూ పోతాడు. తనే ప్రాణం తీసుకుందన్నది నాటకం చివర్లో డంకన్ కొడుకు మాల్కమ్ "అంటున్నారు" అని చెప్పే మాట మాత్రమే. నా ఒంటరితనం వాదనకు ఇంతకంటే ఏం కావాలి?

తెల్లచాక్‌పీస్:
అడగకపోవడం ఘోరమే, అది మీకే వదిలేస్తాను. ఫైఫ్ ప్రభువు భార్య సంగతికి మాత్రం మీరింకా జవాబు చెప్పలేదు.