ఎల్‌టీఓ-8 డ్రైవు ముందుకీ వెనక్కీ కొట్టుకుంటోంది, హెడ్ పోయినట్టేనా?

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో చిన్న ఎడిటింగ్ స్టూడియో. షూటింగ్ అయిన ఫుటేజీ అంతా ఎల్‌టీఓ-8 టేపుల్లోకి (కంప్యూటర్ డేటా దాచే మాగ్నెటిక్ టేపులు) ఎక్కించి దాస్తున్నాం. ఈమధ్య రాసేటప్పుడు డ్రైవు సర్రుమని కాసేపు తిరుగుతుంది, ఆగుతుంది, వెనక్కి చుట్టుకుంటుంది, మళ్లీ ముందుకి. స్పీడు సెకనుకు 60 ఎంబీ దాటట్లేదు. క్లీనింగ్ టేపు వేసి చూశాం, లాభం లేదు. సర్వీసు అతను హెడ్ (టేపు మీద రాసే, చదివే భాగం) అరిగింది, మార్చాలి అంటున్నాడు. నిజమేనా అండీ?

జవాబు: హెడ్ సంగతి తర్వాతండీ, ముందు ఫుటేజీ ఎక్కడి నుంచి కాపీ చేస్తున్నారో చెప్పండి. మీరు చెప్పింది షూ షైనింగ్, అంటే బూటు పాలిష్ చేసినట్టు టేపు ముందుకీ వెనక్కీ కొట్టుకోవడం, డేటా సరిపడా అందకపోతేనే ఎక్కువగా వస్తుంది. హాఫ్ హైట్ (సగం ఎత్తుండే చిన్న రకం) ఎల్‌టీఓ-8 డ్రైవు పూర్తి వేగం సెకనుకు 300 ఎంబీ, అప్పుడు టేపు సెకనుకు దాదాపు 5 మీటర్లు పరిగెడుతుంది. డేటా తగ్గితే డ్రైవు తనే నెమ్మదిస్తుంది గానీ 100 ఎంబీ దరిదాపుల కంటే కిందికి దిగలేదు. అంతకన్నా తక్కువ వస్తే ఆగాల్సిందే, ఆ వేగంలో ఉన్నది ఉన్నచోట ఆగదు కదా, కొంత దూరం జారిపోయి, వెనక్కి వచ్చి, మళ్లీ వేగం అందుకుని వదిలిన చోటు నుంచి రాస్తుంది. అంటే ఒకే ముక్క హెడ్ మీద మూడుసార్లు రుద్దుకుంటుంది. హార్డ్ డిస్కులో హెడ్ గాలిపొర మీద తేలుతుంది, ఇక్కడ అలా కాదు, హెడ్ అంచులు పదునుగా ఉండి టేపు కింది గాలిని గీకేస్తాయి, టేపు వచ్చి హెడ్‌కి ఆనుకుంటుంది. ఇలాగే రోజూ నడిపితే మాత్రం హెడ్డూ టేపూ రెండూ నిజంగానే అరుగుతాయి.

ప్రశ్న అడిగినవారు: యూఎస్‌బీ హార్డ్ డిస్కు నుంచే నేరుగా ఇస్తున్నాం. అందులో చిన్న చిన్న ఇమేజ్ ఫైళ్లు వేలల్లో ఉంటాయి.

జవాబు: అయితే కారణం దొరికింది, ఆ డిస్కు డేటాని సరిపడా అందించలేకపోతోంది. ముందు ఎస్‌ఎస్‌డీలోకి దింపుకోండి, చిన్న ఫైళ్లన్నీ టార్‌గా (అన్నీ కలిపిన ఒకే పెద్ద ఫైలుగా) ఒక మూట కట్టండి, అక్కడి నుంచి టేపుకి పంపండి. లినక్స్ అయితే మధ్యలో ఎంబఫర్ (డేటాని ముందు మెమరీలో పోగేసి పంపే ప్రోగ్రాం) పెట్టి, బఫర్ 90 శాతం నిండాకే రాయడం మొదలయ్యేలా సెట్ చేయండి. క్లీనింగ్ టేపు డ్రైవు అడిగితేనే వేయండి, అది కూడా హెడ్‌ని గీకేదే. ఇవన్నీ చేశాక కూడా ఎర్రర్లు వస్తే అప్పుడు హెడ్ గురించి ఆలోచిద్దాం.

ఇంకొకరు: ఆగి బయల్దేరడం మొదటి నుంచీ ఉన్న తంటానే. 1952లో వచ్చిన ఐబీఎం 726 టేపు డ్రైవులో బరువైన రీళ్లను టక్కున కదపలేక, పక్కన గాలి పీల్చేసే నిలువు గొట్టాల్లో టేపుని వదులుగా వేలాడదీశారు, మోటారు ఆ కొద్ది ముక్కనే లాగేది. ఇప్పుడవేవీ లేవు, రెండు రీళ్ల మోటార్లే టేపు బిగువు చూసుకుంటాయి, రోలర్ల మీది గాట్లు గాలిని బయటికి పంపి పట్టు ఇస్తాయి. పైగా టేపుని ఎంతో నున్నగా చేస్తారు, నునుపు పెరిగేకొద్దీ హెడ్‌కి దగ్గరగా ఆనుతుంది, దాంతోపాటే ఆగినప్పుడు తడి గాజు పలకల్లా అతుక్కునే ప్రమాదమూ పెరుగుతుంది, అందుకే పూతలో లూబ్రికెంట్ కలుపుతారు. తేమ ఎక్కువైతే ఇంకా కష్టం. వానాకాలం రాత్రిళ్లు ఏసీ ఆపేస్తుంటే టేపుల్ని ఆ గదిలో ఉంచకండి. కారులో తెచ్చిన టేపుని వెంటనే పెట్టకండి, ఒక రోజు గదిలో ఉంచాకే వాడండి.

మరొకరు: నాదీ ఒక సందేహం అన్నా. ఎల్‌టీఓ-9కి మారాం, కొత్త టేపు పెడితే గంటసేపు తిరుగుతూనే ఉంది, రాయనివ్వట్లేదు.

జవాబు: అది లోపం కాదు తమ్ముడూ. ఎల్‌టీఓ-9 టేపు 5.2 మైక్రాన్ల మందమే, దాని మీద 8,960 ట్రాకులు (డేటా రాసే సన్నని వరసలు), టేపు వెడల్పు కొంచెం మారినా హెడ్ దారి తప్పుతుంది. అందుకే కొత్త టేపుని మొదటిసారి డ్రైవు కొలుచుకుంటుంది, సగటున 40 నిమిషాలు, ఒక్కోసారి 2 గంటలు. మధ్యలో ఎజెక్ట్ కొట్టకు, పవర్ తీయకు. వాడబోయే గదిలోనే చేయించు, ఒక్కో టేపుకి ఒకసారి చేస్తే చాలు.