‘ఎట్టనెదుట’లో ఆ ‘న’ ఎక్కడిది?

సగంపాదం: అన్నమయ్య ‘నానాటి బతుకు నాటకము’ పాట “పుట్టుటయు నిజము పోవుటయు నిజము, నట్టనడిమి పని నాటకము” దాకా బాగానే వస్తోంది. తర్వాతి పాదం ‘ఎట్టయెదుట’నా, ‘ఎట్టనెదుట’నా? పొద్దుటి నుంచి నోట్లో నలుగుతోంది.

రాగిరేకు: “యెట్టనెదుటఁ గలదీ ప్రపంచము, కట్టఁగడపటిది కైవల్యము.” నకారమే. రేవతి రాగంలో పాడేవాళ్లని వినండి, స్పష్టంగా తెలుస్తుంది.

కడాది: పాటగాళ్ల సాక్ష్యం వ్యాకరణానికి పనికిరాదండీ. కడ, నడుమ, ఎదురు లాంటి మాటల్ని (కడాదులు) రెట్టిస్తే, మొదటి మాటలో తొలి అచ్చు తర్వాతిదంతా పోయి ‘ట్ట’ వస్తుంది. ఆ సూత్రం ప్రకారం ఎదురుకి ‘ఎట్టయెదురు’ రావాలి. పట్టపగలు, బట్టబయలు, తుట్టతుద, మొట్టమొదలు, వీటిలో ఎక్కడైనా ‘న’ ఉందా?

రాగిరేకు: సూత్రం 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణంలోది. అన్నమయ్య పోయింది 1503లో. ఆయన చిన్నయసూరిని అడిగి రాయాలా?

సగంపాదం: మరి ‘కట్టఁగడపటి’లో ‘గ’ ఎందుకొచ్చింది? కట్టకడ కదా?

రాగిరేకు: అసలు ఆధారం అదే! కట్టన్ + కడపటి అయితేనే కకారం గకారమవుతుంది. ‘ఎట్టనెదుట’లో బయటికి కనిపించే నకారం, ఇక్కడ కకారాన్ని సరళం (గకారం) చేసేసి అరసున్నగా మిగిలింది. రెండూ ఒకే ద్రుతం, అంటే మాట చివర చేరే నకారం.

కడాది: ఒక్క కవి వాడితే ద్రుతం పుట్టుకురాదు. ‘పట్టఁబగలు’ అని ఎవరన్నా అన్నారా? పాటలో నోరు తిరగడానికి చేర్చుకున్న నకారం అది.

బళ్లారి బాబాయి: న సంగతి సరే, ‘ట్ట’ ఎక్కడిదో ఎవరూ అడగరే. కన్నడంలో నట్టనడువె, కట్టకడెయ, మొట్టమొదల అంటాం. కానీ తుదికి మాత్రం ‘తుత్తతుది’. దకారం ఉన్నచోట త్త, డకారం ఉన్నచోట ట్ట. అంటే మొదట్లో నడుమకీ కడకీ డకారమే ఊనిక కోసం ట్ట అయింది. తెలుగువాళ్లు దాన్ని పగలుకీ బయలుకీ కూడా అంటించేశారు. తుదని కూడా వదలకుండా తుట్టతుద చేశారు!

కడాది: మీ ‘మొట్టమొదల’లో డకారం ఎక్కడుంది బాబాయ్? మొత్తమొదల అనాలిగా. తమిళంలోనూ పట్టప్పగల్ ఉంది, పగలులో డకారం లేదు. అంటించింది తెలుగువాళ్లొక్కరే కాదు.

బళ్లారి బాబాయి: పొరుగిళ్లన్నాక అంటుకుంటాయి.

రాగిరేకు: మీరు తవ్వుకోండి. నాకైతే ఆ చరణమే అద్భుతం. ‘పుట్టు’ అన్నాక ప్రాసకి ట్ట కావాలి. మామూలు కవి పట్టు, గుట్టు, చెట్టు దగ్గర తిరుగుతాడు. ఈయన నడుమ, ఎదురు, కడ, మూడు కడాదుల్ని వరసగా తెచ్చి బతుకు మొత్తం కొలిచేశాడు. యతులు కూడా చూడండి, పుట్టుట-పోవుట, కట్ట-కైవల్యము. పామరుల కోసం పదాలు రాశాడని తేలిగ్గా తీసేస్తారు గానీ...

సగంపాదం: ఎవరూ తీసెయ్యలేదండీ.

అక్షరాల అత్తయ్య: కడాదుల్లో పిడుగు కూడా ఉంది, మర్చిపోయారు. మా మనవడిని అందరూ పిట్టపిడుగు అంటే, పిట్టంత పిడుగనుకున్నాను. పట్టపగలులో పట్ట లాంటిదే ఈ పిట్ట కూడానట. పక్షి కాదు!

కడాది: సరిగ్గా చెప్పారు అత్తయ్యా.

అక్షరాల అత్తయ్య: మరి మిట్టమధ్యాహ్నం?

కడాది: అది ఈ జాబితాలో లేదు. సూత్రం పెడితే ‘మట్టమధ్యాహ్నం’ అవ్వాలి. మిట్ట అంటే మెరక. సూర్యుడు మెరకెక్కిన వేళ.

బళ్లారి బాబాయి: అదంతా కల్పన. పట్టపగలుని చూసి జనం చేసుకున్న మాట. మెరకే అయితే మిట్టసాయంత్రం ఎందుకు లేదు?

అక్షరాల అత్తయ్య: సాయంత్రానికి పల్లానికి దిగిపోతాడు కదా బాబాయ్.