కుక్క బుద్ధి యజమాని బుద్ధిని బట్టే వస్తుందా? (బెంగళూరులో కుక్కలు పెంచుతున్న తెలుగువాళ్ళు చెప్పండి)

బెల్లందూరు_బజ్జీ:
మా ఇంట్లో రెండేళ్ళ బీగిల్ ఉంది, పేరు బజ్జీ. కాలింగ్ బెల్ మోగితే కొంప మునిగినట్టు అరుస్తుంది, కుక్కర్ విజిల్ వేస్తే సోఫా కింద దూరుతుంది, నేను స్నానానికి వెళ్ళినా బాత్రూమ్ తలుపు గీకుతూ కూర్చుంటుంది. మా ఆయన ఏమంటారంటే దాని తప్పేం లేదు, నీ కంగారే దానికి అంటుకుంది అని. నేను కంగారు మనిషినే, కాదనను, గ్యాస్ కట్టేశానో లేదో అని లిఫ్ట్ దాకా వెళ్ళి వెనక్కొచ్చి చూసే రకం. పోయిన నెల వాళ్ళ ఆఫీస్ ట్రైనింగ్‌లో పదహారు టైపుల పర్సనాలిటీ టెస్ట్ పెట్టారట, ఇంటికొచ్చి నాతో కూడా చేయించారు, ఒక్కో టైపుకి నాలుగు ఇంగ్లీష్ అక్షరాల పేరట, నాకు ఐఎస్ఎఫ్‌జే వచ్చింది ఆయనకి ఈఎన్‌టీపీ వచ్చింది, ఇంక అప్పట్నుంచి బజ్జీ అరిచినప్పుడల్లా "అదిగో నీ టైపు" అంటున్నారు. నిజంగా అలా ఉంటుందా? అపార్ట్‌మెంట్‌లో పెంచుతున్నవాళ్ళు చెప్పండి ప్లీజ్.

వైట్‌ఫీల్డ్_గుంటూరోడు:
నూటికి నూరు పాళ్ళు ఉంటుంది మేడమ్. మీ వారు చెప్పింది కరెక్ట్. యథా రాజా తథా ప్రజా అని ఊరికే అనలేదు. మాది లాబ్రడార్, టైసన్, దీపావళికి మా లేఔట్‌లో లక్ష్మీ బాంబులు పేలుతుంటే నా కాళ్ళ దగ్గర పడుకుని గురక పెట్టాడు. ఎందుకు? నేను కదల్లేదు కాబట్టి. కుక్కకి ఇంట్లో బాస్ ఎవరో తెలియాలి, బాసే వణికిపోతుంటే అది ఏం చేస్తుంది. మా పై ఫ్లోర్‌లో ఒక జంట హస్కీని పెట్టుకున్నారు, ఇద్దరూ సాఫ్ట్ మనుషులే, పాపం అనుకుంటాం, కానీ పొద్దున వాళ్ళు క్యాబ్ ఎక్కిన దగ్గర్నుంచి సాయంత్రం దిగేదాకా అది ఊళ పెడుతూనే ఉంటుంది, నేను వర్క్ ఫ్రమ్ హోమ్, నా మీటింగుల్లో అమెరికా వాళ్ళు కూడా అడుగుతున్నారు ఆ సౌండ్ ఏంటని. వీక్ మనుషుల దగ్గర కుక్కలు వీక్‌గానే తయారవుతాయి.

కడప_కారం:
బీగిల్ కదండీ. గుంపుగా వేటకెళ్ళి అరవడానికే పెంచిన జాతి అది. అరవకపోతే డాక్టర్‌కి చూపించాలి.

జయనగర్_ల్యాబ్‌కోట్:
ముందు ఆ పదహారు టైపుల టెస్ట్‌ని పక్కన పెట్టండి. అదే మనిషి కొన్ని వారాల తర్వాత మళ్ళీ రాస్తే వేరే టైపు రావడం మామూలే. స్వభావం మీద రీసెర్చ్ చేసేవాళ్ళు ఎక్కువగా వాడేది ఐదు లక్షణాల కొలత, అందులో కంగారు, ఆందోళన ఎంత అనేది ఒకటి. దాంతో కుక్కల మీద పని జరిగింది. స్వీడన్‌లో లింషాపింగ్ యూనివర్సిటీ వాళ్ళు 2019లో 58 కుక్కల వెంట్రుకలు, వాటి యజమానుల వెంట్రుకలు తీసుకుని కార్టిసాల్ కొలిచారు. అది స్ట్రెస్ హార్మోన్, రక్తంలో అయితే ఆ నిమిషానిది తెలుస్తుంది, వెంట్రుకలో అయితే నెలల తరబడి లెక్క ఉంటుంది. మనిషిది ఎక్కువుంటే కుక్కది కూడా ఎక్కువుంది, ఎండాకాలంలోనూ అంతే చలికాలంలోనూ అంతే. యజమాని స్వభావానికి దాంతో సంబంధం కనపడింది, కుక్క సొంత స్వభావానికి పెద్దగా కనపడలేదు.

వైట్‌ఫీల్డ్_గుంటూరోడు:
చూశారా. స్వీడన్ వాడు కూడా నేను చెప్పిందే చెప్పాడు.

జయనగర్_ల్యాబ్‌కోట్:
అబ్బా, పూర్తిగా వినండి. ఆ 58 కుక్కలూ షెట్లాండ్ షీప్‌డాగులు, బోర్డర్ కాలీలు, అంటే మందలు కాయడానికి మనిషి సైగ కనిపెట్టి చూసేలా తరాలుగా పెంచిన జాతులు. తర్వాత అదే టీమ్ ప్రాచీన జాతులనీ ఒంటరిగా వేటాడే జాతులనీ చూస్తే వాటిలో ఆ జత కుదరడం కనపడలేదు. బీగిల్ ఈ రెంటిలోనూ లేదు. పైగా ఇద్దరి కార్టిసాల్ ఒకేలా ఉందంటే కంగారు "అంటుకుంది" అని కాదు. బాస్ అనే మాట ఆ పేపర్‌లో ఎక్కడా లేదు, అది మీ సొంతం.

నెల్లూరు_చేపలపులుసు:
జాతి జాతి అంటున్నారు గానీ 2022లో సైన్స్ పత్రికలో వచ్చింది చూడలేదా ఎవరూ. 18 వేలకి పైగా కుక్కల యజమానుల్ని ప్రశ్నలడిగి, రెండు వేల పైచిలుకు కుక్కల జీనోమ్, అంటే మొత్తం జన్యువులు, కూడా చూశారు. ఒక్కో కుక్క ప్రవర్తనలో ఉండే తేడాల్లో జాతి వల్ల వచ్చేది సుమారు 9 శాతమే. 9. కాబట్టి బీగిల్ కాబట్టి అరుస్తుంది అనేది పోయింది.

కడప_కారం:
ఆ 9 శాతంలో మా పక్కింటి బీగిల్ ఒక్కటే 8 శాతం అరుస్తుంది బ్రో.

మారతహళ్ళి_మావయ్య:
ఎవరైనా చెప్పగలరా, మా అసోసియేషన్ వాళ్ళు కుక్కల్ని మెయిన్ లిఫ్ట్‌లో ఎక్కించొద్దు, సర్వీస్ లిఫ్టే అంటున్నారు, అది రోజు మార్చి రోజు చెడిపోతుంది. మాది తొమ్మిదో ఫ్లోర్, కుక్క ముసలిది, దానికంటే నేను ముసలి.

జయనగర్_ల్యాబ్‌కోట్:
మావయ్యా, జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన గైడ్‌లైన్స్ ఉన్నాయి, పెంపుడు కుక్కల్ని లిఫ్ట్‌లో రానివ్వం అనడానికి అసోసియేషన్‌కి వీల్లేదని అందులో ఉంది. ప్రింట్ తీసుకెళ్ళండి. దీనికి వేరే థ్రెడ్ పెట్టండి దయచేసి.

సర్జాపూర్_ట్రైనర్:
నేను ఈ పనే చేస్తాను, వారంలో చాలా ఇళ్ళకి వెళ్తా, ఎక్కువ మంది ఐటీ వాళ్ళే. గుంటూరు అన్న చెప్పింది సగం నిజం, కానీ ఆ సగం ఎక్కడుందో అన్నకి తెలీదు. మనసులో ఉన్న భయం గాల్లో ఎగిరి కుక్కలోకి పోదు, చేతిలోంచి పోతుంది. కంగారు మనిషి వాకింగ్‌కి వస్తాడు చూడండి, అవతల ఇంకో కుక్క ఇంకా ఎలక్ట్రిక్ పోల్ దగ్గర ఉండగానే లీష్‌ని మణికట్టుకి రెండు చుట్లు చుట్టేస్తాడు, ఊపిరి బిగపడతాడు, అడుగు స్పీడవుతుంది. మన కుక్క అప్పటిదాకా నేల వాసన చూసుకుంటోంది, దానికి అవతల కుక్క కనపడను కూడా లేదు. మెడ దగ్గర బిగుసుకోగానే తలెత్తుతుంది. ఇలా పదిసార్లు జరిగాక ఇంకో కుక్క అంటే మెడ బిగుసుకోవడం అని దానికి రాసిపెట్టినట్టు అర్థమవుతుంది. ఇంక అరవక ఏం చేస్తుంది.

కలుపుగోలు మనుషులు బాగా పెంచుతారని కూడా అనుకోవద్దు. ఆదివారం కబ్బన్ పార్కుకి వెళ్ళి చూడండి. కుక్కని తెస్తారు, పదిమంది పిల్లల్ని పిలిచి తల నిమిరిస్తారు, అది ఆవలిస్తుంటుంది, ఊరికే పెదాలు నాక్కుంటుంటుంది, తోక కాళ్ళ మధ్య పెట్టేసుకుంటుంది, ఓనర్ గారేమో "హీ లవ్స్ పీపుల్" అని రీల్ తీస్తుంటాడు. నిద్రొచ్చి ఆవలించేది వేరు, అది ఇబ్బందికి ఆవలింత. నాకు చెయ్యడానికి తేలికైన ఇల్లు ఏదంటే మాట తక్కువ ఉన్న ఇల్లు, టైముకి అన్నీ జరిగే ఇల్లు. అందులో కంగారు మనుషులు కూడా బోలెడుమంది ఉంటారు, గ్యాస్ కట్టానా అని వెనక్కొచ్చేవాళ్ళు కుక్క మందు ఎప్పుడూ మర్చిపోరు.

వైట్‌ఫీల్డ్_గుంటూరోడు:
అదే కదా నేనన్నది, మనిషిలో ఉన్నదే కుక్కలోకి పోతుందని. ఎటు తిప్పినా అక్కడికే వచ్చారు. ఇప్పుడు ఆవిడ కంగారు వల్లే కదా అది అరుస్తోంది.

హెచ్ఎస్ఆర్_సీత:
ఇందాకట్నుంచి చదువుతున్నా, ఇంక ఆగలేకపోతున్నా. గుంటూరు గారూ ఒక్క ప్రశ్న. మీ టైసన్‌ని పొద్దున పూట బయటికి ఎవరు తీసుకెళ్తారు?

వైట్‌ఫీల్డ్_గుంటూరోడు:
నాన్నగారు తీసుకెళ్తారు. సాయంత్రం ఒక అబ్బాయి వస్తాడు. దానికీ దీనికీ సంబంధం ఏంటి?

హెచ్ఎస్ఆర్_సీత:
అన్నం?

వైట్‌ఫీల్డ్_గుంటూరోడు:
అమ్మ పెడుతుంది. నేను పొద్దున ఎనిమిదికి లాగిన్ అండీ. వీకెండ్ నేనే చూస్తా.

హెచ్ఎస్ఆర్_సీత:
అయితే ఆ ప్రశాంతత మీది కాదు, రిటైరైన పెద్దాయనది. ఇంట్లో రోజంతా ఇద్దరు మనుషులుండి టైముకి నడిపించి టైముకి తినిపిస్తే ఏ కుక్కైనా గురక పెడుతుంది. క్రెడిట్ మాత్రం బాస్‌కి. పై ఫ్లోర్ హస్కీ దగ్గర ఎవరూ లేరు, అందుకని ఏడుస్తోంది, దాన్ని మీరు "వీక్ మనుషులు" అంటున్నారు.

వైట్‌ఫీల్డ్_గుంటూరోడు:
మరి లేనప్పుడు ఎందుకు పెంచుతారు?? ఇదే నా బాధ. ఇద్దరూ ఉద్యోగాలు, రింగ్ రోడ్ మీద రానుపోను నాలుగు గంటలు, ఇంట్లో పురుగు లేదు, అలాంటప్పుడు మూగజీవాన్ని తెచ్చి ఫ్లాట్‌లో తాళం వేసి పోవడం ఏంటి. మళ్ళీ మేం యానిమల్ లవర్స్ అని స్టేటస్‌లు. మీటింగ్‌లో నేను పడే అవస్థ మీకేం తెలుసు.

హెచ్ఎస్ఆర్_సీత:
ఇప్పుడు అసలు మాట చెప్పారు. ఇది మొదట్నుంచీ చెప్పుంటే నేను కూడా సగం ఒప్పుకునేదాన్ని. మీ కోపం తాళం వేసి పోయేవాళ్ళ మీద, దానికి స్వభావం అని పేరు పెట్టి ఈవిడ నెత్తిన రుద్దారు. నా బాధ కూడా చెప్తా వినండి. మా ఇంట్లో ఇండీ ఉండేది. వీధి కుక్కే, మా మరిది తెచ్చాడు, ముచ్చట తీరాక నాకు వదిలేశాడు. అది కొరియర్ అబ్బాయి మీదికి ఉరికితే మా అత్తగారి మాట, "ఇంట్లో ఇల్లాలు ఎలా ఉంటే అన్నీ అలాగే ఉంటాయి". పిల్లాడికి మార్కులు తగ్గినా అదే మాట, కుక్క అరిచినా అదే మాట. ఉప్పెక్కువైందని పొయ్యిని తిట్టినట్టు. ఇప్పుడు కొత్తగా నాలుగు ఇంగ్లీష్ అక్షరాలు కలిపి అదే తిట్టు తిడుతున్నారు.

నెల్లూరు_చేపలపులుసు:
9 శాతం గురించి ఎవరూ మాట్లాడరేం.

జయనగర్_ల్యాబ్‌కోట్:
బజ్జీ గారూ, గొడవలో అసలు అడగాల్సింది అడగలేదు మనం. పిల్లని ఇంటికి తెచ్చినప్పుడు ఎంత వయసు? ఎవరు తెచ్చారు?

బెల్లందూరు_బజ్జీ:
ఆయనే తెచ్చారండీ. నా పుట్టినరోజుకి సర్‌ప్రైజ్ అని. ఎవరో ఆన్‌లైన్‌లో ఫొటో పెడితే రోడ్డు పక్కన కారులో చేతులు మార్చుకున్నారు, తల్లిని చూడలేదు. రెండు నెలలని చెప్పి అమ్మాడు. తర్వాత మా వెట్ పళ్ళు చూసి నెలన్నర కూడా ఉండదన్నారు. అప్పటికి పాలు కూడా సరిగ్గా మానలేదు. తర్వాత టీకాలు పూర్తయ్యేదాకా బయటికి తీసుకెళ్ళొద్దని అందరూ అంటే మూడు నెలలు ఇంట్లోనే పెట్టాం. నేను అప్పుడు ఇంట్లో నుంచి పని, మిగతా ప్రపంచం దానికి తెలీదు.

జయనగర్_ల్యాబ్‌కోట్:
ఇదిగో. కుక్కపిల్లకి సుమారు మూడో వారం నుంచి పన్నెండు పద్నాలుగు వారాల దాకా ఒక టైము ఉంటుంది, ఆ టైములో ఏ శబ్దం విన్నదో ఏ మనుషుల్ని చూసిందో అవి మామూలు విషయాలు అయిపోతాయి, చూడనివి తర్వాత భయాలవుతాయి. మొదటి సగం తల్లి, తోబుట్టువుల దగ్గర గడవాలి. అందుకే మన దేశంలో 2017 నాటి బ్రీడింగ్ రూల్స్‌లో ఎనిమిది వారాల లోపు పిల్లల్ని అమ్మకూడదని పెట్టారు. బజ్జీకి మొదటి సగం అమ్మినవాడు తీసేశాడు, రెండో సగం నాలుగు గోడల మధ్య పోయింది. టీకాలవ్వకపోయినా చేతుల్లో ఎత్తుకుని గేటు దాకా తీసుకెళ్ళి ఆటోలు, స్కూల్ బస్సులు చూపించొచ్చు, అది ఎవరూ చెప్పరు. మీ కంగారు దీనిపైన కొంచెం కలిసి ఉండొచ్చు, లేదనను. కానీ లెక్క మొత్తం మీ ఖాతాలో రాయడం అన్యాయం.

సర్జాపూర్_ట్రైనర్:
బాత్రూమ్ తలుపు దగ్గర కూర్చోవడం అంటే మీరొక్కరే దానికి ఆధారం అని. ఆయన చేత్తో అన్నం పెట్టించండి, ఆయన వాకింగ్‌కి తీసుకెళ్ళాలి. కాలింగ్ బెల్ సౌండ్ ఫోన్‌లో రికార్డ్ చేసి చాలా చిన్నగా పెట్టి, మోగగానే చికెన్ ముక్క పడాలి, రోజూ కాసేపు, అరవకపోతేనే సౌండ్ కొంచెం పెంచాలి. అరిస్తే ఎక్కువ పెట్టేశారని అర్థం, మళ్ళీ తగ్గించండి. చోక్ చెయిన్, అదే లాగితే మెడకి బిగుసుకునే గొలుసు, కొనమని ఎవరైనా అంటే వినొద్దు.

వైట్‌ఫీల్డ్_గుంటూరోడు:
చికెన్ ముక్కలు పెడితే కుక్క బాస్ అవుతుంది. నేను చెప్పాల్సింది చెప్పా.

హెచ్ఎస్ఆర్_సీత:
మీ అమ్మగారిని అడగండి టైసన్‌కి ఏం పెడుతున్నారో.

వైట్‌ఫీల్డ్_గుంటూరోడు:
...అడిగా. బిస్కెట్లు పెడుతుందట, నాకు తెలీకుండా. అది వేరే విషయం.

బెల్లందూరు_బజ్జీ:
మా ఆయనకి థ్రెడ్ అంతా చదివి వినిపించా. అందరూ ఆడవాళ్ళ సైడే మాట్లాడారన్నారు. గుంటూరు గారు ఉన్నారు కదా అంటే, ఆయనకి ఎవరూ మాట్లాడే ఛాన్సే ఇవ్వలేదు పాపం అన్నారు. సరే, పొద్దున వాకింగ్ మీరు తీసుకెళ్తారా, డే కేర్‌లో పెట్టి డబ్బులు మీరు కడతారా, రెండిట్లో ఏదో ఒకటి తేల్చండి అన్నా. పొద్దున లేవడం నా టైపుకి పడదు అన్నారు.

హెచ్ఎస్ఆర్_సీత:
డే కేర్ బిల్లు ఆయన ఫోన్‌కి వెళ్ళేలా పెట్టండి.

మారతహళ్ళి_మావయ్య:
అమ్మాయ్, బెల్లందూరులో డే కేర్ ఏది బాగుంటుంది, నెలకి ఎంత తీసుకుంటున్నారు? గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉన్నది చెప్పు.