ఉత్త నీళ్లు వడగట్టినా ఫిల్టర్ మీద పోగులే!

హన్మకొండ_ఎన్విరో:
అంటార్కిటికా మంచు శాంపిళ్లు రాబోతున్నాయి. వాటిలో మైక్రోప్లాస్టిక్ (కంటికి సరిగా ఆనని ప్లాస్టిక్ రేణువులు, పోగులు) లెక్కించాలి. ముందుగా డిస్టిల్డ్ వాటర్ వడగట్టి చూస్తే ఫిల్టర్ మీద నీలం, తెలుపు పోగులు బాగానే ఉన్నాయి. ల్యాబ్‌లో ఏసీ లేదు, ఈ ఎండలకు ఫ్యాన్ ఆపలేకపోతున్నాం. ఇంకోటి, ప్లాస్టిక్ పైకి తేలేలా మంచు నీళ్లలో ఉప్పునీళ్లు కలపాలా?

కాజీపేట_కెమిస్ట్రీ:
తమ్ముడూ, ముందు ఆ ఫ్యాన్ ఆపు. అంటార్కిటికాలోని రాస్ ద్వీపం మంచు మీద 2022లో వచ్చిన పేపర్‌లో సగటున లీటరు కరిగిన నీటికి 29 ప్లాస్టిక్ రేణువులే. నీ బ్లాంక్‌లో, అంటే శాంపిల్ లేకుండా ఉత్త నీళ్లు వడగట్టిన దాంట్లో, లీటరుకు పది వచ్చినా అందులో మూడో వంతు నీ గదిదే అయిపోతది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు పని పెట్టుకో. కిటికీలు మూసి, తడి కాటన్ గుడ్డతో బల్ల తుడిచి, దుమ్ము దిగేదాకా ఆగు. ప్లాస్టిక్ వాష్ బాటిల్ పక్కన పెట్టి గాజుది వాడు. కడిగే నీళ్లను కూడా 0.7 మైక్రాన్ గ్లాస్ ఫైబర్ ఫిల్టర్‌తో ముందే వడగట్టాలి.

మంచుకు ఉప్పునీళ్లు అక్కర్లేదు. మూత తీయకుండా కరిగించి నేరుగా వడగట్టు. సముద్రపు మట్టి వస్తే అప్పటి మాట వేరు. మామూలు ఉప్పు ద్రావణం సాంద్రత 1.2 దగ్గరే ఆగిపోతది, పెట్ (నీళ్ల సీసాలు, పాలిస్టర్ బట్టల ప్లాస్టిక్)ది 1.38, అడుక్కు పోతది. రాస్ ద్వీపంలో ఎక్కువగా దొరికింది ఆ పెట్ ప్లాస్టికే. జింక్ క్లోరైడ్‌తో 1.5 దాటించాలి.

స్పెక్ట్రా_వరంగల్:
ఫ్యాన్ ఒక్కటే కాదు. మైక్రోస్కోప్ పక్కన తడి ఫిల్టర్ ఉన్న పెట్రీ డిష్ తెరిచి పెట్టండి, చూస్తున్నంతసేపు ఏం పడుతోందో తెలుస్తుంది. ఆప్రాన్ కాటన్‌దే, ఆకుపచ్చదైతే మేలు. ఎరుపు వద్దు, ధ్రువాల దగ్గర వేసుకునే సూట్లు చాలావరకు ఎరుపో నారింజో, రాలిన పోగు ఎవరిదో తేలదు.

నీలం పోగు కనబడగానే ప్లాస్టిక్ అని రాసుకోకండి, రంగేసిన పత్తి కూడా అలాగే ఉంటుంది. ఎఫ్‌టీఐఆర్‌లో (పరారుణ కాంతితో పదార్థం ఏదో గుర్తించే పరికరం) చూడాల్సిందే. గ్లాస్ ఫైబర్ ఫిల్టర్ మీద ట్రాన్స్‌మిషన్ (కాంతిని ఫిల్టర్ గుండా పంపి చూసే పద్ధతి) పనిచేయదు, అల్యూమినియం ఆక్సైడ్ ఫిల్టర్ తీసుకోండి. దానిలోనూ 1250 వేవ్‌నంబర్ (స్పెక్ట్రమ్ గ్రాఫ్‌లో కాంతిని కొలిచే అంకె) కింద ఏమీ కనిపించదు.

హన్మకొండ_ఎన్విరో:
థాంక్స్ అన్నా, థాంక్స్ సార్. సీసాలకు ప్లాస్టిక్ మూతలే వస్తున్నాయట.

స్పెక్ట్రా_వరంగల్:
అయితే ఒక మూత అంచు గీకి దాని స్పెక్ట్రమ్ ముందే తీసి పెట్టుకోండి, తర్వాత శాంపిల్‌లో దొరికిన దానితో పోల్చి చూడటానికి. మంచు తీసేవాళ్లకు ఇప్పుడే చెప్పండి: అక్కడే ఒక ఖాళీ సీసా మూత తీసి, శాంపిల్ తీసినంతసేపు ఉంచి, మూసి పంపాలి. సూటు, గ్లోవ్స్, తాడు, టెంటు గుడ్డ తలా ఒక ముక్క కూడా. అవి లేకుండా మీ ల్యాబ్ ఎంత శుభ్రంగా ఉన్నా, ఆ పోగు గాలిలో వచ్చిందో క్యాంపులో రాలిందో చెప్పలేరు.