కర్నూలు ఎండకి స్విమ్మింగ్ పూల్ చుట్టూ పేవర్సా, స్టాంప్డ్ కాంక్రీటా?

హంద్రీ గట్టు:
అందరికీ నమస్కారం. కర్నూలు బయట మా పొలంలో చిన్న ఫామ్‌హౌస్ కట్టుకుంటున్నాం, పక్కనే 30 అడుగులకి 15 అడుగుల స్విమ్మింగ్ పూల్. పూల్ గోడలు లేచాయి, వాటర్‌ప్రూఫింగ్ కూడా అయిపోయింది, చుట్టూ ఆరడుగుల వెడల్పున ఏం వెయ్యాలన్న దగ్గర పని ఆగింది. కాంట్రాక్టరు స్టాంప్డ్ కాంక్రీట్ అంటున్నాడు, అంటే రంగు కలిపిన పచ్చి కాంక్రీటు మీద అచ్చు గుద్ది డిజైన్ తెచ్చేది. ఫోన్లో ఫోటోలు చూపిస్తే అచ్చం రాయి పరిచినట్టే ఉంది, మా ఆవిడకీ అదే నచ్చింది. మా బామ్మర్ది మాత్రం పేవర్ బ్లాకులే వెయ్యి బావా, రేపు ఒకటి పగిలితే అది తీసి ఇంకోటి పెట్టుకోవచ్చు అంటాడు. నేల నల్లరేగడి. బోరు నీళ్లు, ఉప్పు బాగానే ఉంది. పిల్లలు, మా అమ్మ అందరూ చెప్పుల్లేకుండా తిరుగుతారు, కాబట్టి జారకూడదు, ఏప్రిల్ మే నెలల్లో అరికాళ్లు మాడకూడదు. మన ఎండలో వేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. యూట్యూబ్‌లో చూస్తే అన్నీ అమెరికా వీడియోలే, మంచుకి పగులుతుందా లేదా అన్నదే వాళ్ల గోల.

తాడిపత్రి అల్లుడు:
ఆ రెండూ ఎందుకన్నా, బేతంచెర్ల పక్కనే పెట్టుకుని? లారీ బండలు తెప్పించి పరిపించుకో. మన రాయి, మన మేస్త్రీలు, తరాలుగా ఇళ్లల్లో వేస్తున్నదే కదా.

సీమ సివిల్:
బండలు వరండాకి వేసుకోండి, పూల్ పక్కన మాత్రం వద్దు. నాపరాయి అంటే సున్నపురాయి, ఎర్రగుంట్ల చుట్టూ అన్ని సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చింది ఆ రాయి కోసమే. పూల్ నీళ్ల పీహెచ్ తగ్గించడానికి యాసిడ్ వాడతారు, అది ఒక్క చుక్క బండ మీద పడితే బుసబుసమని పొంగి మచ్చ మిగులుతుంది. పాలిష్ బండ తడిస్తే జారుడు, నల్ల కడప బండ అయితే మధ్యాహ్నం పెనమే.

ఇక అసలు ప్రశ్న. మీరు పైన ఏం కనపడాలా అని చూస్తున్నారు, నేను మాత్రం కింద ఏముందో చూడమంటాను. నల్లరేగడి వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. దాని మీద నేరుగా నాలుగంగుళాల కాంక్రీటు పోసి అచ్చు గుద్దితే, రెండు మూడు వానలకి అది ఎక్కడో ఒకచోట విరుగుతుంది. మామూలు కాంక్రీటైతే సిమెంటు పూసి సరిపెట్టుకోవచ్చు, రంగు కలిపి డిజైన్ కొట్టినదాన్ని అతికితే మాత్రం ఆ అతుకు పది గజాల దూరం నుంచి కనిపిస్తుంది, అదే రంగు మళ్లీ కలవదు. అదే పేవర్ అయితే కుంగినచోట బ్లాకులు లేపి, ఇసుక సరిచేసి, మళ్లీ అవే పరుచుకోవచ్చు. పైగా మీ ఫిల్టర్ పైపులన్నీ ఆ ఆరడుగుల వెడల్పు జాగా కిందే పోతాయి. రేపు ఒక జాయింట్ లీకైతే, స్టాంప్డ్ కాంక్రీటుకి బ్రేకర్ పెట్టాల్సిందే.

పేవర్లలో కూడా నిగనిగలాడే రబ్బర్ మౌల్డ్ రకం తీసుకోకండి, పార్కింగ్‌కి బాగుంటుంది గానీ తడిస్తే జారుతుంది. మిషన్ మీద ప్రెస్ చేసిన గరుకు బ్లాకు, 60 ఎంఎం మందం, లేత బూడిద రంగో దంతం రంగో. నడిచేచోటికి 60 చాలు, కారు ఎక్కే చోటైతే 80.

ఎర్రనేల:
అనంతపురం దగ్గర మా చుట్టాల గెస్ట్‌హౌస్‌లో స్టాంప్డ్ వేశారు, ఇంతవరకూ ఒక్క బీట లేదు, చూడ్డానికి కూడా పేవర్ల కంటే వంద రెట్లు బాగుంది. మాది ఎర్రనేల, అది నిజమే. కానీ సీమ సివిల్ గారూ, ఒకటి అడుగుతాను. పేవర్ల సందుల్లోంచి నీళ్లు కిందికి దిగవా? పిల్లలు దూకిన ప్రతిసారీ బకెట్ల నీళ్లు బయట పడతాయి, అవన్నీ ఇసుకలోంచి మీ నల్లరేగడిలోకే కదా పోయేది, దాన్ని ఇంకా ఉబ్బించడమే కదా? కాంక్రీటు పలక అయితే కనీసం నీళ్లని పైనే ఆపుతుంది. చీమలు సందుల్లో ఇసుక తోడి కుప్పలు పెడతాయి, గడ్డి మొలుస్తుంది, ఆ ఇసుక పూల్‌లోకి పోతుంది, ఇవెవరూ చెప్పరు.

స్టాంప్డ్ వేయించుకునేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది పనివాళ్ల గురించి. ఎండాకాలం తొమ్మిది దాటాక పోశారంటే వడగాలికి కాంక్రీటు చకచకా గట్టిపడుతుంది, మొదటి మూల అచ్చు లోతుగా పడి చివరి మూలకి వచ్చేసరికి గీతలు కూడా పడవు. తెల్లవారుజామునే మొదలుపెట్టాలి, మనుషులు కూడా ఎక్కువమంది ఉండాలి. ఎనిమిది పది అడుగులకొక జాయింట్ గాడి మరుసటి రోజుకల్లా కోసెయ్యాలి, అంగుళం లోతుకి తగ్గకుండా. కొయ్యకపోతే దానంతటదే తనకి నచ్చినచోట విచ్చుకుంటుంది. మామూలు స్లాబుకి కప్పినట్టు తడి గోనెసంచులు కప్పినా రంగు మీద మరకలు పడతాయి. పైన పూతగా కొట్టే సీలర్‌లో గరుకు పొడి కలపమనండి, ఉత్త సీలర్ తడిస్తే అద్దమే. రెండు మూడేళ్లకొకసారి మళ్లీ కొట్టుకోవాలి, ఆ ఖర్చు కాంట్రాక్టరు చెప్పడు.

సీమ సివిల్:
నీళ్ల గురించి మీరన్నది కరెక్టే, ఒప్పుకుంటున్నా. అందుకే నల్లమట్టి మీద నేరుగా ఇసుక పోసి పేవర్లు పరిస్తే అదీ దండగే. నల్లమట్టి కనీసం రెండు మూడడుగులు తవ్వి పారేసి గ్రావెల్ పోయించాలి, ఆరేసి అంగుళాల పొరలుగా, ప్రతి పొరా తడిపి దిమ్మిస కొట్టి. ఆ కింది గ్రావెల్‌కే పూల్‌కి ఎడంగా వాలు ఇచ్చి, చివర్లో చిన్న డ్రెయిన్ పెడితే సందుల్లోంచి దిగిన నీళ్లు బయటికి పోతాయి. పైన కూడా అడుక్కి పావు అంగుళం వాలు, అదీ పూల్ వైపు కాదు, బయటికి. అంచున కాంక్రీటు కర్బు లేకపోతే పేవర్లు మెల్లగా పక్కకి జరిగి సందులు విచ్చుకుంటాయి, చీమలకి అప్పుడే పండగ. పూల్ అంచు రాయికీ డెక్‌కీ, అంటే చుట్టూ పరిచే ఆ ఆరడుగుల నేలకీ, మధ్య సిమెంటు నింపొద్దు, సాగే సీలెంట్ పెట్టాలి, లేకపోతే డెక్ కదిలిన ప్రతిసారీ అంచు టైల్స్ ఊడతాయి.

ఈ మట్టి పని ఎలాగూ చెయ్యాల్సిందే, స్టాంప్డ్ వేసినా సరే. చేశాక కూడా నల్లరేగడి కొంచెం కదలకుండా ఉండదు, అందుకే నా ఓటు పేవర్లకి. మీదీ ఎర్రనేల అయ్యుంటే మీ ఆవిడ మాటే వినమనేవాణ్ణి.

కాళ్లు కాలడం విషయానికొస్తే రెండూ కాంక్రీటే, మే నెల మధ్యాహ్నం రెండూ కాలతాయి. లేత రంగు వెయ్యండి, మెట్లు దిగే వైపు షేడ్ నెట్ కట్టండి. బోరు నీళ్ల ఉప్పుకి తెల్లపొర దేనికైనా వస్తుంది, ముదురు రంగు మీద ఎక్కువ కనిపిస్తుంది, లేత రంగుకి అదీ ఒక కారణం.

హంద్రీ గట్టు:
చాలా థాంక్స్ అన్నా ఇద్దరికీ. ఈ రోజు సైటుకెళ్లి చూస్తే, పూల్ కోసం తవ్విన నల్లమట్టినే గోడల చుట్టూ వెనక్కి తోస్తున్నారు, జేసీబీతో! ఆపించేశాను. కాంట్రాక్టరు ముఖం మాడ్చుకున్నాడు, గ్రావెల్ ఖర్చు ఎక్స్‌ట్రా అన్నాడు, సరే అన్నాను. పేవర్లకే ఫిక్స్. మా ఆవిడకి గేటు నుంచి ఇంటి దాకా దారి స్టాంప్డ్ వేయిస్తానని చెప్పి ఒప్పించా, అక్కడ పైపులేం లేవు, అక్కడ కూడా కింద గ్రావెల్ పోయిస్తాలే. ఒక డౌటు: గోడ పక్కన సందు రెండడుగులే ఉంది, రోడ్ రోలరు పట్టదు, దిమ్మిస ఎలా కొట్టించాలి?

సీమ సివిల్:
రోలరు పొరపాటున కూడా గోడ దగ్గరికి రానివ్వకండి. కాంక్రీటు మిల్లర్లు, వైబ్రేటర్లు అద్దెకిచ్చే షాపుల్లో ఎర్త్ రామర్ అడగండి, నిలువుగా గెంతే మిషన్, ఆ సందులో సరిపోతుంది. గోడ పక్కన దిమ్మిస కొట్టేటప్పుడు పూల్‌లో నీళ్లు కొంత నింపి పెట్టమని మీ ఇంజనీరుని అడగండి, లోపల ఖాళీగా ఉంటే బయటి నుంచి తోపు గోడ మీద పడుతుంది. పైపులు పూడ్చేముందే ప్రెజర్ టెస్ట్ చేయించి, ఎక్కడ ఏ పైపు పోతుందో టేపు పెట్టి ఫోటోలు తీసి ఉంచుకోండి.

తాడిపత్రి అల్లుడు:
పోనీ వరండాకైనా మన బండలే వెయ్యన్నా.