ఇరవై రెండు సిస్టంలు, తలా ఒక యాంటీవైరస్ కీ: ఒక దారికి తెచ్చేదెట్లా?

ఆదోని_అకౌంట్స్:
మాది ఆదోనిలో పత్తి జిన్నింగ్ మిల్లు. మిల్లు, కర్నూలు ఆఫీసు కలిపి 22 సిస్టంలు. ఇదివరకటి టెక్నీషియన్ ఎప్పుడు ఏది అడిగితే దానికి ఒక సింగిల్ యూజర్ కీ కొని వేసుకుంటూ పోయాడు, ఇప్పుడు బెంగళూరు వెళ్లిపోయాడు. ఏ కీ ఎక్కడుందో ఎక్కడా రాసి లేదు, నెలకొకటి ఎక్స్‌పైర్ అవుతోంది. ట్యాలీ సిస్టం ఫార్మాట్ చేసి పాత కీ వేస్తే, గడువు ఇంకా ఉన్నా, ఇప్పటికే వాడేశారని చూపిస్తోంది. సీజన్‌లో కాటా సిస్టం ఆగిందంటే పత్తి బండ్లన్నీ రోడ్డు మీదే, అదే టెన్షన్. దానికి నెట్ కూడా లేదు.

కడప_నెట్‌వర్క్:
అన్నా, ముందే కొత్తది కొనొద్దు. ఒక్కో సిస్టంలో యాంటీవైరస్ తెరిచి కీ, గడువు తేదీ, ఏ మెయిల్‌తో రిజిస్టర్ అయిందో ఎక్సెల్‌లో ఎక్కించండి. ఆ ట్యాలీ కీకి బిల్లు ఫోటో పెట్టి కంపెనీ సపోర్ట్‌కు రాయండి, పాత యాక్టివేషన్ తీసేయమని అడగండి. ఇకమీదట ఫార్మాట్‌కు ముందే లైసెన్స్ డీయాక్టివేట్ చేయాలి.
తర్వాత బిజినెస్ ఎడిషన్‌కు మారండి. ఒకటే కీ, ఒకటే గడువు, అన్నీ ఒకే కంట్రోల్ స్క్రీన్, అంటే కన్సోల్‌లో కనిపిస్తాయి, పాడైన సిస్టంను అందులోంచి తీసేస్తే ఆ లైసెన్స్ సీటు ఇంకోదానికి వస్తుంది. మీకు మైక్రోసాఫ్ట్ 365 బిజినెస్ ప్రీమియం ఉంటే అందులోనే వాళ్ల యాంటీవైరస్ డిఫెండర్ ఫర్ బిజినెస్ వస్తుంది, యూజర్‌కు 5 డివైజ్‌ల దాకా. సర్వర్‌కు మాత్రం లైసెన్స్ వేరే. పాత కీల్లో మిగిలిన నెలలు సర్దుతారేమో డబ్బు కట్టకముందే డీలర్‌ను అడగండి, కట్టాక ఎవరూ పట్టించుకోరు.

అనంతపురం_సిస్టమ్స్:
కాటా సిస్టం మిల్లు లోపలి నెట్‌వర్క్ (ల్యాన్)‌లో ఉంటే నెట్ అక్కర్లేదు, లోపలే ఒక సిస్టంను అప్‌డేట్ సర్వర్‌గా పెట్టే వీలున్న ఎడిషన్ తీసుకోండి. ల్యాన్ కూడా లేకపోతే ఆఫ్‌లైన్ అప్‌డేట్ ఫైల్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చి వేయాలి, ఆ పెన్‌డ్రైవ్ ఇంక దేనికీ వాడకూడదు.
కీలు సర్దుకుంటే సరిపోదు సార్, విండోస్ అప్‌డేట్లు కూడా చూడండి. 2017 మేలో ఫైళ్లు లాక్ చేసి డబ్బడిగే వానాక్రై వైరస్ మన రాష్ట్ర పోలీసు కంప్యూటర్లకూ తగిలింది, దాన్ని ఆపే ప్యాచ్ (విండోస్ లోపం సరిచేసే అప్‌డేట్) మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, మీ దాంట్లో అవెన్ని ఉన్నాయో ఆ ఎక్సెల్‌లోనే ఒక కాలమ్ పెట్టండి.

ఆదోని_అకౌంట్స్:
ఆఫీసు సిస్టంలు కొన్ని చూశా, అన్నీ ఆ టెక్నీషియన్ సొంత జీమెయిల్‌తోనే ఉన్నాయి. బిల్లులు మాత్రం మిల్లు పేరు మీదే.

కడప_నెట్‌వర్క్:
బిల్లు మీ పేరున ఉంది కదా, మెయిల్ మార్చమని ఆ బిల్లులతోనే అడగండి. ఆయనకూ ఒక ఫోన్ చేయండి, ఓటీపీ ఆ జీమెయిల్‌కే పోతే ఆయన చెప్పాల్సిందే. కొత్త కీ accounts లాంటి మిల్లు సొంత మెయిల్‌తోనే రిజిస్టర్ చేయించండి, పాస్‌వర్డ్ ఓనర్ గారి దగ్గర కూడా ఉండాలి.